ఉపగ్రహానికి సాన్పి చల్లిన పొద్దు

వానలు మొదలయ్యే మిరుగు కార్తె ఇంక రెండు దినాలు ఉన్నదనంగ, మంగళారం నాడు, పొద్దుగాల ఐదు గంటల నలభై నిమిషాలకు, మా బాయి కొడుకు పంచాయతి ట్యాంకర్ తోలుకొచ్చి అందుల నీళ్లన్ని నా చేన్ల ఒంపిండు. గడియారం నేనే చూసిన. ఆలస్యంగ సదువు నేర్చినోళ్లకు గడియారం చూసుడంటె మస్తు ఇష్టం, ఊకూకె చూస్తం.

ఎండకాలంల చేన్ల నీళ్లు పడితె ఎవరన్న ఏడుస్తరా అని మీరడుగుతరు. ఆ పొద్దు ఒక పిల్ల ఏడ్సింది. ఎందుకేడ్సిందో చెప్పాల్నంటే జర ఎనుకకు పోవాలె. ఎక్కువ దూరం పోను, నాకు గంత ఓపిక లేదు.

మాది పెద్దవంగర దిక్కు ఒక తండా. ఇంట్ల మాట్లాడేది మా బాస, బయట మాట్లాడేది తెలుగు. రాసేది గూడ తెలుగే. నాకు పండ్లు సగం ఊడినంక అక్షరాలొచ్చినయి. మరిపెడకు మిర్చి అమ్మవోయినప్పుడు బస్సుల మీది బోర్డులు సదువుడు మొదలువెట్టిన. అంతకుముందు ఒకసారి తప్పు బస్సెక్కి జనగామల దిగి, ఇది మరిపెడనే అని కండక్టర్‌తోటి కొట్లాడిన. ఆ సిగ్గే నాకు పలక చేతికిచ్చింది. అందుకే నా రాతల సోకులుండవు. ఉన్నది ఉన్నట్టు రాస్త, కోపమొచ్చినోళ్లకు వస్తది.

బాయి అంటే మా బాసల అక్క. నేను బాయి అనేది నా తోడికోడలిని, మా బావ పెండ్లాన్ని. నా పెనిమిటి పోయి చానేండ్లయింది. అన్నదమ్ములు పంచుకున్న చేనుకు నడుమ ఒక గెట్టు ఉన్నది. ఇవుతల నాది, అవుతల వాళ్లది. మట్టి ఒక్కటే, ఎర్ర చెల్క. పడే వాన ఒక్కటే, కొట్టే ఎండ ఒక్కటే. ఎవరి చేను మంచిదంటె మాత్రం బాయి తనదంటది. ఆమె అబద్ధాలు ఎప్పుడు గట్లనే చెప్తది.

ఎండలు మొదలైనప్పుడు ఒక పిల్ల జీపుల దిగింది. కోస్తా దిక్కు పిల్ల. జనగామల గది కిరాయికి తీసుకొని ఉంటున్నది. "అమ్మమ్మగారూ, నమస్కారమండీ" అన్నది. ఎనుక ఎవరన్న పెద్దమనిషి నిలబడ్డడా అని తిరిగి చూసిన. ఎవరు లేరు. నన్నే.

"గారు గీరు మా దగ్గర నడవది బిడ్డా. అవ్వ అను."

"సరేనండీ అవ్వగారూ" అన్నది. ఇగ నేను ఒదిలేసిన. కొందరికి పుట్టుకతోటి వస్తది, పోదు.

ఆ పిల్లకు కావాల్సింది నీళ్లు పెట్టని, దున్నని, వాన పడేదాక ఎవరు ముట్టుకోని ఎండు చేను. "మీ పొలం బాగా ఎండిపోయిందండీ. సరిగ్గా ఇలాంటిదే కావాలి" అని మురిసిపోయింది. నా చేను ఎండిందని ఒక మనిషి సంబురపడుడు నేను పుట్టినంక గదే మొదటిసారి చూసిన.

నిజం చెప్పాల్నంటే ఆమె ముందు అడిగింది నన్ను కాదు, బాయిని. బాయి దిక్కు చేను బాటకు దగ్గర. బాయి తండాల పదిమంది ముందల నడుముమీద చేతులువెట్టుకొని, "మిరుగు రాకముందు, ఇంటి పెద్ద కొబ్బరికాయ కొట్టకముందు, మా భూమిల ఇనుము దించం. మా అత్త పెట్టిన కట్టు" అన్నది. కట్టు నిజమే. మా అత్త ఉన్నన్ని రోజులు మిరుగు ముందల చేన్ల కొడవలి కింద పడ్డా కొబ్బరికాయ తెప్పించేది. నేను మాత్రం చేను పంచుకున్ననాడే ఆ కట్టును గెట్టుకు అవుతల ఇడిసిపెట్టొచ్చిన. అందుకని పిల్ల నా చేన్లకొచ్చింది.

వచ్చి ఒక గుంజ పాతింది. గుంజ మీద ఎండను తాగే పలక. గుంజ నుంచి ఒక వైరు మట్టిలకు దిగి, మూడు వేళ్ల మందం కింద, ముండ్ల చెంచా అసొంటి దానికి తాకుతది. మట్టిల ఎంత తడున్నదో అది రాత్రి పగలు చెప్తనే ఉంటది. ఇంకో పక్క మూడు తెల్ల రేకులు ఒక మూలల కలిపి, మొగం ఆకాశం దిక్కు పెట్టింది. అది చూసి బాయి గెట్టు మీది నుంచే, "వడియాలు ఎండవెట్టుకునేటందుకు మంచిగున్నది" అన్నది. కుళ్లు అప్పటికే మొదలైంది.

ఇదంత ఎందుకు బిడ్డా అంటె, ఆ పిల్ల నా గడప మీద కూసొని చెప్పింది. పైన ఒక ఉపగ్రహం తిరుగుతున్నదట. దాని పని భూమిని చూసుడు. నీళ్లు మట్టిల ఎంతున్నయి, మట్టి నుంచి గాలిలకు ఎంత పోతున్నయి, మబ్బై మళ్ల ఎక్కడ పడుతున్నయి, ఆ తిరుగుడు ఏండ్లు గడిచినకొద్ది ఎట్ల మారుతున్నది, అవన్ని దాని లెక్క.

"కండ్లు ఎన్ని దానికి?" అని అడిగిన.

"కళ్లు కాదండీ, రెండు పరికరాలు. ఒకటి ఏమీ పంపదు, ఊరికే వింటుంది. నేల నుంచి ఎప్పుడూ సన్నటి అల ఒకటి పైకి వెళుతూ ఉంటుంది, మనకి కనపడదు. పొడి నేల నుంచి ఎక్కువ వస్తుంది, తడి నేల నుంచి తక్కువ. రెండోది తనే పైనుంచి ఒక అల కొట్టి, తిరిగి వచ్చింది పట్టుకుంటుంది. ఆ మూడు రేకులు ఆ అలని నేరుగా దానికే తిప్పి పంపడానికండీ."

రెండోది నాకు తొందరగ సమజైంది. సంతల కుండ కొనేటప్పుడు ఏలు మడిచి కొట్టి చూస్తం కద, పగిలిందా మంచిదా చప్పుడే చెప్తది. అది గూడ గట్లనే నేలను కొట్టి చూస్తది. మొదటిది మాత్రం మా బావ అసొంటిది. ఏం మాట్లాడడు, అన్ని వింటడు.

దానికి ఇల్లంత జల్లెడ గొడుగు ఉంటదట, ఆ గొడుగు ఇసుర్రాయి లెక్క తిరుగుకుంట అలలను పోగేస్తదట. మబ్బు అడ్డమొచ్చినా, చీకటున్నా దానికి ఫికర్ లేదట.

ఈ ముచ్చట తండాల పాకినంక ఆడోళ్లు రెండు దినాలు పరేషాన్ అయిన్రు. పైకప్పు లేని తానాల దడుల మీద చీరెలు కప్పిన్రు. చివరికి బాయే గెట్టు మీదికొచ్చి ఆ పిల్లనడిగింది.

"ఏ పిల్లా, తానం చేస్తుంటే కనబడ్తమా?"

"అయ్యో, మనుషులు కనిపించరండీ. వినే పరికరానికైతే పెద్దవంగర నుంచి మరిపెడ దాకా అంతా కలిపి ఒక్క చుక్క."

బాయి మొగం పడిపోయింది. "గంత దూరం పోయి, గంత పెద్ద గొడుగు పట్టుకొని, మనిషిని చూడకుంటే ఎందుకది?"

ఇగ ఆ పిల్ల బాధ చెప్త. పైనున్నది చెప్పేది నిజమా కాదా కింద ఎవరో ఒకరు మట్టి ముట్టుకొని చూడాలె. పైన పది అంటే కింద గూడ పదికి దగ్గర ఉండాలె. తడి లెక్క వానకాలంల తీసుకోవచ్చు, దానికేం తొందర లేదు. పొడి లెక్క మాత్రం మిరుగు ముందల, నేల కడుపార ఎండినప్పుడు తీసుకోవాలె. అది పోతే మళ్ల ఎండకాలమే. ఆ పిల్ల కొలువు మాత్రం మళ్ల ఎండకాలం దాక ఉండదు, వానకాలం పోంగనే ఐపోతది. పొడి లెక్క చేతిల ఉంటేనే కొలువును ముందుకు సాగదీస్తమని పైవాళ్లు చెప్పిన్రట. అంతకుముందు ఉపగ్రహం పోయిన రెండు సార్లు గాలి దుమారం, చెదురు జల్లు పడి పాడు చేసినయి. ఇగ మిగిలింది ఆ మంగళారం ఒక్కటే.

మూడు చోట్ల ఒక్క గడియకు మట్టి తియ్యాలె. జనగామ దిక్కు రాళ్ల చెల్కల ఆమె దోస్తు పిల్ల. భూపాలపల్లి దిక్కు చిట్యాల కాడ ఇంకో పిలగాడు. చిట్యాల మా తల్లిగారి దిక్కు, ఆ చేను మా తమ్మునిది, నేను ఫోన్‌ల గట్టిగ చెప్తేనే ఇచ్చిండు. నడుమ మాది. పైనుంచి ఆరు గంటలు దాటినంక నాలుగు నిమిషాలకు పోతది.

ఇదంత నేను బాయికి చెప్పిన. ఉత్తగ చెప్పలే, మురుసుకుంట చెప్పిన. "మంగళారం ఆరింటికి ఉపగ్రహం నా చేనును చూడవస్తున్నది బాయీ" అన్న.

"రానీయ్, చూడనీయ్" అన్నది బాయి. ఆమె గట్ల మెల్లగ అంటే భయపడాలె. నేను భయపడలే.

మంగళారం పొద్దుగాల నేను చేనుకాడికి పోయేసరికి ట్రాక్టర్ చప్పుడు ఇనబడ్డది. బాయి కొడుకు పంచాయతి ట్రాక్టర్ నడుపుతడు, బాట పొంటి చెట్లకు నీళ్లు పోసేది వాడే. ట్యాంకర్ ఎనుక పైపు ఇప్పి నా చేనంత తిరుగుతున్నడు. ఆ మూలకెళ్లి ఈ మూల దాక తడిపి, గుంజ చుట్టూ ఇంకోసారి తడిపి, ఖాళీ ట్యాంకర్ గడగడలాడిచ్చుకుంట గెట్టు పక్కన ఆపిండు. ఎనుక బాయి బకెట్ల పెండనీళ్లు కలుపుకొని సాన్పి చల్లుతున్నది. గుంజ మొదట్ల ముగ్గు ఏసింది. మూడు రేకులు కడిగి, ఒక్కొక్క రేకుకు పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టింది. ఎర్రమట్టి వాసన గుప్పున లేసింది. మంచిగనే ఉన్నది, అబద్ధమెందుకు.

"ఏం చేసినవ్ బాయీ?"

"ఏం చేసిన? సుట్టం వచ్చే పొద్దు వాకిట్ల సాన్పి చల్లమా? ఆకాశం కెళ్లి చూసేటోళ్లకు మన నేల నోరు తెర్సుకొని కనబడాల్నా? నీకు సిగ్గు లేకుంటె లేకపాయె, ఇంటి పేరు ఇద్దరిదొక్కటే."

"అది ఎండు నేలనే చూడవస్తున్నది!"

"ఎండు నేల చూసేటందుకు గంత పైకి పోవుడెందుకు? ఎక్కడ చూసినా ఎండే. ఎవరన్న పచ్చగున్నది చూడవోతరు గని."

అప్పుడే జీపు వచ్చింది. పిల్ల దిగింది, చేతిల డబ్బాల సంచి. నాలుగు అడుగులేసింది. చెప్పు మట్టిల దిగింది. కిందికి చూసింది, గుంజ దిక్కు చూసింది, బొట్లు పెట్టిన రేకులను చూసింది. అక్కడనే గొంతుకూసొని, తడి మట్టి పిడికిట్ల పట్టుకొని ఏడ్సింది. సప్పుడు లేకుంట ఏడ్సింది, గదే నాకు చేతగాదు చూసుడు.

బాయి ఆగమైంది. "ఏమైంది దీనికి? ముగ్గు మంచిగ రాలేదా?"

"నీ ముగ్గు పాడుగాను. దాని కొలువును తడిపినవ్!" అని లొల్లి పెట్టిన. పొడి లెక్క పోతే పిల్ల గతి ఏందో అప్పుడు మొత్తం ఇడిసి చెప్పిన. బాయికి అంతకుముందు అది నేను చెప్పలే, నా గొప్పనే చెప్పిన. బాయి బకెట్ కింద పెట్టింది.

జీపు తోలే పిలగాడు జనగామాయన, నిమ్మలం మనిషి. "మేడం, నీళ్లు ఇప్పుడే పోసిన్రు కద, మీద మీద చెక్కేసి కింద మట్టి తీయరాదు?" అన్నడు.

పిల్ల కండ్లు తుడుసుకుంది. చెల్క నేల కద, నీళ్లు పోస్తే పోసినట్టే గుంజుకుంటది. ఆమె తెచ్చిన చేతి మిషన్ ముండ్లు దించి చూసింది. తల అడ్డం ఊపింది. "మూడు వేళ్ల లోతూ తడిసిపోయింది. అసలు పైనున్న దానికి ఈ ట్యాంకర్ లెక్కే కాదండీ, అంత పెద్ద చుక్కలో కనపడదు. చుట్టూ అంతా పొడే కాబట్టి పొడి అనే చెబుతుంది. నా కింది లెక్కే తడి అని వస్తుంది. తప్పు దానిదో నాదో ఎవరికి తెలుస్తుంది?"

అప్పుడు నేను గెట్టు అవుతల చూసిన. అందరం చూసినం. బాయి చేను. అదే చెల్క, దున్నలే, తడుపలే, పగుళ్లు వారి, నా చేను నిన్నటిదాక ఎట్లున్నదో గట్లనే ఉన్నది. పిల్ల గూడ చూసింది గని అడగలే. అడిగి ఒకసారి లేదనిపించుకున్నది కద.

బాయి గూడ చూసుకుంది తన చేనును. ఆమె మొగంల రెండు ముచ్చట్లు కొట్లాడుడు నాకు కనబడ్డది. ఉపగ్రహం తన చేనును చూడాల్నని మస్తు కోరిక. పదిమంది ముందల అత్త కట్టు అన్న మాట గొంతుల అడ్డం. పిల్ల సంచిల నుంచి చేతిగాజు అసొంటి కొలత రింగు బయటికొచ్చింది, మట్టిలకు దించి కోసేది, గుండ్రంగ, తళతళ మెరుస్తున్నది.

"అది ఇనుము" అన్నది బాయి, నీరసంగ.

"స్టీలండీ" అన్నది పిల్ల.

"స్టీలంటె ఇనుము కాదా?"

జీపు పిలగాడు ఇనుమే అన్నడు. బాయి కొడుకు ట్రాక్టర్ మీది నుంచి కాదు అన్నడు. వాళ్లిద్దరు గక్కడ మొదలువెట్టిన్రు, తుప్పు పడ్తదా పడదా అని. గడియారంల ఆరుకు ఎనిమిది నిమిషాలు తక్కువ.

తేల్చాల్సింది ఇంటి పెద్ద. ఇంటి పెద్ద అంటే మా బావ, బాయి పెనిమిటి. ఆయన తన చేను మూలకు మంచం ఏసుకొని, దుప్పటి ముసుగుదన్ని పండుకున్నడు. ట్యాంకర్ చప్పుడుకు లేవలే, నా లొల్లికి లేవలే. లేవలేదని మనమనుకోవాలె. ముందల చెప్పిన కద, ఏం మాట్లాడడు, అన్ని వింటడు.

ఇంకో చిక్కు ఉన్నది. మా దాంట్ల తమ్ముని పెండ్లాం బావతోటి ఎదురుంగ మాట్లాడొద్దు. కొంగు మొగం మీదికి దించుకోవాలె, చెప్పేదేదన్న ఉంటే నడుమ ఒకరితోటి చెప్పియ్యాలె. నలభై ఏండ్ల కెళ్లి ఆయనకూ నాకూ ఒక్క మాట ఎదురుంగ లేదు. తిట్టుకున్నా ఇంకొకల నోటితోటే తిట్టుకున్నం. బాయిని అడుగుమంటే, "నేను ఆ మాట అన్నదాన్ని, నేనెట్ల అడుగుత?" అని మొండికేసింది.

నేను కొంగు దించి, గెట్టు దాటి, పిల్ల చెయ్యి పట్టుకొని మంచం కాడికి గుంజుకపోయిన. మంచానికి మూరెడు దూరంల నిలబడి, పిల్ల దిక్కు తిరిగి గట్టిగ అన్న:

"బిడ్డా, ఆయననడుగు. స్టీలు ఇనుమా కాదా."

పిల్ల నన్నూ మంచాన్నీ చూసింది. "మీరు అడిగింది ఆయనకి వినిపిస్తుంది కదండీ?"

"ఇనబడినా ఇనబడనట్టే. నువ్వడుగు."

"తాతగారూ, స్టీలు ఇనుమా కాదా అని అడుగుతున్నారండీ."

దుప్పటి లోపల కెళ్లి మాటొచ్చింది, నిద్ర లేని మాట. "ఆమెకు చెప్పు బిడ్డా. నాకు పొద్దుగాల ఛాయ్ దేంట్ల పోస్తరు?"

పిల్ల నా దిక్కు తిరిగింది. "ఛాయ్ దేంట్లో..."

"ఇన్న. స్టీలు గిలాసల పోస్తరు అని చెప్పు."

"స్టీలు గిలాసలోనండీ."

"అన్నం?"

"స్టీలు తలెల అని చెప్పు."

దుప్పటి తీసి మొగం బయటపెట్టిండు. "మరి నేను దినాం ఇనుము తింటున్ననా? ఇనుమంటే నాగలి కర్రు. ఇనుమంటే గడ్డపార. గది గిన్నె. మా అవ్వ గిన్నెలకు కట్టు పెట్టలే. పొమ్మను, తీసుకొమ్మను." మళ్ల ముసుగుదన్నబోయి ఆగిండు. "ఇంకోటి చెప్పు ఆమెకు. ట్యాంకర్ సంగతి నిన్ననే నాకు తెలుసు. నన్నెవరు అడగలే."

నలభై ఏండ్లల నాకు మొదటిసారి కొంగు తీసి ఎదురుంగ నాలుగు తిట్టాల్ననిపించింది. పిల్ల నా చెయ్యి ఇడిపిచ్చుకొని అప్పటికే ఉరుకుతున్నది.

"చెప్పులిడిసి రా!" అని బాయి కేకేసింది. అన్నంక తనే ఉరికి పిల్ల చేతిలకెళ్లి సంచి అందుకుంది. కట్టు తెగినంక ఇగ ఆమెను పట్టేదెవరు? "గక్కడొద్దు, గక్కడ పందులు తవ్వినయి. గిక్కడ తియ్యి, గిక్కడ నేల సాపుగున్నది. నా చేన్ల ఎక్కడ తీసినా ఒక్కటే వస్తది, ఆమె చేను లెక్క ఎగుడుదిగుడు కాదు."

"నా చేను నీ ట్యాంకర్ కిందనే ఉన్నది ఇప్పుడు, మాట్లాడకు" అన్న.

పిల్ల మోకాళ్ల మీద కూసొని రింగును మట్టిల దించుడు, సుట్టూ చెక్కుడు, డబ్బాల పోసుడు, మూత బిగిచ్చుడు. ఒక్కొక్క చోట చేతి మిషన్ ముండ్లు గూడ దించింది. ఫోన్ల జనగామ దోస్తునడిగితే వాళ్ల కాడ గూడ మిషన్ల అంకె అటిటుగ గంతే. చిట్యాల పిలగాని ఫోన్ల ఎనుక మా తమ్ముడు అరుస్తున్నడు, "అక్కా, నా చేన్ల నెర్రెలల్ల చెయ్యి పడ్తున్నది, రాసుకోమను!" అని. డబ్బాల మూతల మీద ఏ చేనో రాయమని పిల్ల నాకు పెన్ను ఇచ్చింది. నేను కూడబలుకుకుంట "బాయి చేను" అని రాసిన. బాయి వంగి చూసింది. ఆమెకు సదువు రాదు.

"నా పేరే రాసినవా, నీ పేరు రాసుకున్నవా?"

"నమ్మకం లేకుంటె రేపటి కెళ్లి నా పక్కన కూసొని నేర్చుకో."

ఆఖరుకు పిల్ల గెట్టు ఇవుతలకొచ్చి నా తడి చేన్ల గూడ ఒక డబ్బా నింపింది. ఎందుకంటె, ఒక్క ట్యాంకర్‌తో మట్టి లెక్క ఎంత మారుతదో తనకు చూడాల్నని ఉన్నదట. కండ్లు ఇంక ఉబ్బే ఉన్నయి గని నవ్వొచ్చింది మొగంల.

"ఇంకో నిమిషం" అన్నది.

అందరం తల పైకెత్తినం. బాయి గబగబ తన చేను నడుమకు పోయి, ఎంట్రుకలు సదురుకొని, అద్దాల రవిక మీద కొంగు మంచిగ ఏసుకొని నిటారుగ నిలబడ్డది. మనుషులు కనబడరని ఆ పిల్ల నోటితోటి ఇన్న మనిషే. ఆకాశంల ఏం లేదు. తెల్లారిన ఆకాశం, గంతే.

"పోయిందా?" అన్నది బాయి.

"పోయిందండీ. చూసేసింది."

"గంతేనా? ఆగదా జర?"

మరుసటి దినం పగటిపూట పిల్ల ఫోన్ చేసింది. డబ్బాలల్ల మట్టి తూచి, ఎండబెట్టి, మళ్ల తూచిందట. పైనుంచి వచ్చింది గూడ చేతికందిందట. రెండు పరికరాలు మొత్తం ఆ దిక్కంత పొడి అన్నయట. కింద జనగామ పొడి, చిట్యాల పొడి, బాయి చేను పొడి. పైదీ కిందిదీ కలిసింది. పిల్ల గొంతు ఎగురుతున్నది. పొడి లెక్క నిలబడ్డది, కొలువు ముందుకు సాగుతదని పైవాళ్లు మాటిచ్చిన్రట.

"మరి నా ముగ్గు, నా సాన్పి? రేకుల బొట్లు?" అని బాయి పక్క నుంచి ఫోన్ల దూరింది.

"అవేవీ దానికి కనిపించలేదండీ. బొట్లు, ముగ్గు, ట్యాంకర్, ఏదీ" అన్నది పిల్ల. జర ఆగి, "నేను చూశానండీ. చాలా బాగుంది ముగ్గు" అన్నది. పాపం, బాయి మనసు నొప్పించొద్దని.

వానలు మొదలుగాకముందే పిల్ల వచ్చి నా చేన్లకెళ్లి గుంజ పీకి గెట్టు అవుతల పాతింది. ముండ్ల చెంచా ఉన్న చోట ట్యాంకర్ నీళ్లు దిగినయి కద, ఆ చేను లెక్క కొన్నిరోజులు నమ్మొద్దట, బాయి చేను లెక్క సక్కగున్నదట, అందుకే అక్కడ. నేను ఒద్దనలే. ఏమని అంట? పిల్ల పని నిలబడాలె. గుంజ దించేముందు మిరుగు కొబ్బరికాయ బావనే కొట్టిండు, రెండు ముక్కలు గెట్టు మీది నుంచి బాయితోటి నాకంపిచ్చిండు. గుంజ ఇప్పటికి వాళ్ల చేన్లనే ఉన్నది. పొద్దుగాల బాయి ఆ పక్కపొంటి పోతే దాని మొదట్ల గడ్డి పీకి, ఇవుతల దిక్కు ఒకసారి చూసి మరీ పోతది. చూడనీయ్. కుళ్లు ఇప్పుడు నాది, నేనే చెప్తున్న.

ఆ మంగళారం పొద్దు అక్కడ ఉన్నోళ్లు వీళ్లు: నేను, కొంగు సగం మొగం మీద. మా బాయి, అద్దాల రవికల. ఆమె కొడుకు, ట్రాక్టర్ మీది నుంచి దిగకుంటనే. మా బావ, దుప్పట్ల. జీపు తోలే జనగామ పిలగాడు. ఫోన్ల ఆమె జనగామ దోస్తు, చిట్యాల పిలగాడు, మా తమ్ముడు. ఆ కోస్తా పిల్ల, ఉట్టి కాళ్లతోటి, ఒళ్లంత ఎర్రమట్టితోటి.